పలకరింపు గిన్నె

38వ రోజు

ఈ పుస్తకం చేతికిచ్చినప్పుడు డాక్టర్ షమీమ్ మేడమ్ రెండు నియమాలు చెప్పారు. ఎడమ పేజీలో చూసింది రాయాలి, కుడి పేజీలో అనుకున్నది రాయాలి, రెండూ కలపకూడదు. రెండో నియమం తప్పుల గురించి. తప్పు రాస్తే చెరపకూడదు, దిద్దకూడదు, పేజీ చించకూడదు. కింది అక్షరాలు కనిపించేలా ఒకటే గీత కొట్టి, పక్కన సరైన మాట రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. "తప్పు చేసినవాళ్లని నేను పనిలో ఉంచుకుంటాను సుంకమ్మా, చెరిపినవాళ్లని ఉంచుకోను" అన్నారు.

ఇది కుడి పేజీ.

ఈ రోజు మా పరిశోధనలో పద్నాలుగో పేషెంటు చేరాడు. పేరు గుర్రప్ప, యాభై ఎనిమిదేళ్లు, నాపరాయి కోసే పని. మా అమ్మకు వరసకు అన్న, నాకు మామ. కొత్త ఇళ్ల కోసం నేల కింద మేముండే బిలాన్ని తూర్పు వైపు తొలుస్తున్నారు. ఆ రాయి పనివాళ్లు నడుము నొప్పికి బిళ్లలను వేయించిన శనగల్లాగా నములుతారు. బిళ్ల నొప్పిని తీసేస్తుంది, కడుపులో పుండు పెడుతుంది. పొద్దున పనిలోనే మామ నెత్తురు కక్కుకున్నాడు. మోసుకొచ్చేసరికి బీపీ ఎనభై.

మేడమ్ పాము వేశారు. ఎండోస్కోపును మా బిలంలో అందరూ పామనే అంటారు. మా మూడో బిలానికీ అయిదో బిలానికీ కలిపి అదొక్కటే, అదీ ఇక్కడే ఉంది. దాన్ని నడిపే కరెంటు రోజుకు రెండు సార్లకే సరిపోతుంది. తెర మీద పుండు అడుగున నరం మొన కనిపించింది. నెత్తురు ఊటలాగా వస్తోంది. మేడమ్ దానికి క్లిప్పు బిగించారు. ఊట ఆగింది.

తర్వాత నేను కవరు చించాను. ఎవరు ఏ గుంపో మేము ఎంచుకోము, అంటించి పెట్టిన కవరులో ఏది ఉంటే అది. ఒకటో గుంపుకు మర్నాడు మళ్లీ పాము వేసి పుండును చూస్తాం. రెండో గుంపుకు పుండు పక్కన కావలి గుళికను అతికించి ఇంటికి పంపుతాం. గుళిక కందిగింజంత ఉంటుంది. దానికొక కన్ను. ఏడు రోజులు కడుపులో కాపలా కాస్తుంది. నెత్తురు కనబడితే పేషెంటు మణికట్టు పట్టీ మీద దీపం ఎర్రగా మారుతుంది, లేకుంటే తెల్లగానే వెలుగుతుంది.

మామకు రెండో గుంపు వచ్చింది.

"లాటరీ తగిలిందా పాపా?" అన్నాడు, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "పుట్టినాక ఇదే మొదటిసారి. బహుమానం ఏంది, కందిగింజా?"

ఇరవై మంది పూర్తయ్యి, రెండోసారి పాము వెయ్యకపోయినా గుళిక చాలు అని తేలితే, మిగిలిన కరెంటూ పామూ వారానికి మూడు రోజులు అయిదో బిలానికి వెళతాయి. అక్కడ కిందటేడు పదకొండు మంది ఇలాగే నెత్తురు కక్కి పోయారు. ఆ పదకొండు పేర్లూ మేడమ్ గోడకు అంటించారు. రోజూ వాటి ముందు నుంచే లోపలికి వస్తాను.

రెండో గుంపులో మామకు ముందు ఆరుగురు. ఒక్కరికీ దీపం ఎర్రబడలేదు. తొమ్మిదో పేషెంటు మాదన్న చనిపోయాడు గాని, అది వడదెబ్బ. అయిదో రోజున మాట వినకుండా కంప కొట్టడానికి పైకెక్కాడు. పైన నేల మీద యాభై ఆరు డిగ్రీల ఎండ. ఎడమ పేజీలో అలాగే ఉంది.

39వ రోజు

మామ ఇంటికి వెళ్లి చూశాను. నాడి 88, బీపీ 110, హిమోగ్లోబిన్ 9.4. దీపం తెలుపు.

మా ఇళ్ల వరుస వరుసంతా పలకరించడానికి వచ్చి పోతున్నారు. మామ గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరికీ తన కడుపులో కెమెరా ఉందనీ, ఎవరేం వండుకుని తిన్నదీ తనకు తెలిసిపోతుందనీ చెబుతున్నాడు. అత్త నవ్వట్లేదు. గడప పక్కన గిన్నెలు వరసగా బోర్లించి ఉన్నాయి.

నా ఫారం తీసి అడిగాను. ఈ ఫారం నేనే తయారు చేశాను. మేడమ్ ఒకటో బిలం మనిషి, అక్కడి నీళ్లు మంచివి. "మీ వాళ్లు ఏం తింటారో ఏం తాగుతారో నాకు తెలీదు, ప్రశ్నలు నువ్వే రాయి" అన్నారు. మా ఇంట్లో సంతకం పెట్టగలిగిన మొదటి మనిషిని నేను. ఆ రోజు ఆ మాట విని నిద్ర పట్టలేదు. ఇరవై రెండు ప్రశ్నలు రాశాను.

అన్నిటికంటే ముందు బొగ్గు ప్రశ్న. మా లోతు నీళ్లలో విషం ఉంది, అందుకని ప్రతి ఇంట్లో కంపచెట్టు బొగ్గు నూరి కలుపుకునే తాగుతాం. వేరే ఊళ్లలో కడుపులో నెత్తురు కారితే విరేచనం నల్లగా మారి పట్టిచ్చేస్తుందట. మా బిలంలో అందరి విరేచనమూ ఎప్పుడూ నలుపే కాబట్టి ఆ గుర్తు మాకు పనికిరాదు. గుళిక అవసరం అందుకే వచ్చింది. కానీ బొగ్గు గుళిక కంటికి కూడా అడ్డం. అందుకని ఏడు రోజులూ పేషెంటుకు ఆసుపత్రి నుంచి వడపోసిన నీళ్ల క్యాను వస్తుంది. బొగ్గు ముట్టకూడదు.

"బొగ్గు తీసుకున్నావా మామా?"

"నువ్వు వద్దన్నాక యాడ తీసుకుంటా? ఆ క్యాను నీళ్లే. చప్పగా ఉండాయి, పెళ్లికొడుకు వాళ్ల మాటల్లాగా."

బొగ్గు: లేదు, అని రాశాను.

40వ రోజు

నాడి 96. దీపం తెలుపు. మామ జోకులు కొంచెం తగ్గాయి. ఎండిపోయిన నాలుకతో పెదాలు తడుపుకుంటున్నాడు. జనం ఎక్కువై అలిసిపోయాడని అత్త అంది. నిజమే అనుకున్నాను.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ చేతులు కడుక్కుంటోంది. అమ్మ బక్కెట్ల పని చేస్తుంది. మా బిలంలో కాలవలు లేవు. ఇంటికొక మూత బక్కెట్టు ఉంటుంది. తెల్లవారుజామున అమ్మ వాటిని బండి మీద పెట్టుకుని గ్యాసు గోతికి తీసుకెళ్లి కుమ్మరిస్తుంది. ఆ గోతి గ్యాసుతోనే ఆసుపత్రికి కరెంటు వస్తుంది. బడిలో ఉన్నప్పుడు నా పక్కన కూర్చోవడానికి పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. ఆసుపత్రిలో పని వచ్చిన రోజు నేను అమ్మతో ఒక మాట అన్నాను, ఇకమీదట ఇంట్లో బక్కెట్ల మాట ఎత్తొద్దని. అమ్మ సరే అంది. నాలుగేళ్లుగా ఎత్తలేదు.

ఈ రోజు ఎత్తింది.

"మీ మామ బక్కెట్టు బాగలేదు" అంది, నా వైపు చూడకుండా. "నెత్తురు వాసన వస్తాండాది. నిన్న కొంచెం. ఈ పొద్దు బాగా."

దీపం తెల్లగా ఉందమ్మా అని చెప్పాను. గుళిక కన్ను పుండు పక్కనే ఉంది, నీ ముక్కు ఎక్కడో బయట ఉంది అని కూడా అన్నాను. అమ్మ కంచం నా ముందు పెట్టింది.

41వ రోజు

నాడి 112. బీపీ పడుకున్నప్పుడు 104, కూర్చుంటే 92. హిమోగ్లోబిన్ 8.1. దీపం తెలుపు.

మేడమ్‌కు అంకెలు చూపించాను. ఆమె చాలాసేపు చూశారు. సెలైన్ ఎక్కించాక రెండు మూడు రోజులు నెత్తురు పలచబడినట్టు కనిపిస్తుంది, అది మామూలే అన్నారు. రెండో గుంపువాళ్లకు మళ్లీ పాము వెయ్యాలంటే నియమం ఉంది. దీపం ఎర్రబడాలి, లేదా నెత్తురు కక్కాలి, లేదా పడుకున్నప్పటి బీపీ తొంభైకి దిగాలి. అనుమానం వచ్చిన ప్రతిసారీ వేసుకుంటూ పోతే గుళిక చాలో చాలదో ఎప్పటికీ తేలదు. పైగా ఈ రోజు రెండు సార్ల కరెంటూ అయిపోయింది. పసిపిల్ల గొంతులో ఇరుక్కున్న మేకును తియ్యడానికి ఒకసారి, ఒకటో గుంపు పేషెంటుకు ఒకసారి.

"ఇంకేమైనా గమనించావా?" అని అడిగారు.

మేడమ్ వెనక నర్సులు ఇద్దరు బల్ల తుడుస్తున్నారు. వాళ్లలో ఒకామె నాతోపాటు బడిలో చదివింది.

"లేదు మేడమ్" అన్నాను.

ఈ వాక్యం ఏ పేజీలో రాయాలో తెలీదు. చూసింది కాదు, అనుకున్నదీ కాదు, చేసింది. దానికి పేజీ లేదు.

42వ రోజు, పొద్దున

అమ్మ గోతి నుంచి తిరిగొచ్చి, కొర్ర జావ కాచి, అంచు సొట్టపోయిన మా గిన్నెలో పోసి నా చేతికిచ్చింది. "అందరి గిన్నెలూ పోయినాయి, మనదే పోలేదు. నువ్వెట్లా పోతాండావు కదా, ఇచ్చిరా" అంది. మళ్లీ, గొంతు తగ్గించి, "ఈ పొద్దు మూత తియ్యకుండానే తెలిసింది" అంది.

ఆసుపత్రి నుంచి ఎవరైనా ఇంటికొస్తే వరుసలోని ప్రతి ఇంటి నుంచీ ఒక గిన్నె జావ పోవాలి. మనిషి ప్రతి గిన్నెకూ పెదవి తగిలించాలి. తగిలించకపోతే ఆ ఇంటితో మాట పోయినట్టు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నాను, ఊపిరి తీసుకున్నంత మామూలుగా.

ఒక చేతిలో గిన్నె, ఇంకో చంకలో ఫారాల అట్ట. మామ గడప ముందు గిన్నె కింద పెట్టి ఫారం తీశాను. బొగ్గు అన్న ప్రశ్న పక్కన నా బొటనవేలి ముద్ర పడింది.

నల్లగా.

జావను మేము నల్లగానే కాస్తాం. బొగ్గు నీళ్లతోనే కాస్తాం, పైన ఇంకో చిటికెడు నూరి వేస్తాం. వడపోసిన నీళ్లతో కాచిన జావ నేను పుట్టిన తర్వాత చూడలేదు. ఇరవై రెండు ప్రశ్నలు రాసినప్పుడు నాకు నీళ్లు గుర్తొచ్చాయి, బిళ్లలు గుర్తొచ్చాయి, తమలపాకు కూడా గుర్తొచ్చింది. ఈ గిన్నె గుర్తు రాలేదు. మామ అబద్ధం చెప్పలేదు. మా వాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. పలకరింపును ఎవరైనా తిండి కింద లెక్కేస్తారా?

అత్తను అడిగాను, ఎన్ని గిన్నెలు తాగాడని. మొదటి రోజు తొమ్మిది, రెండో రోజు పదకొండు అంది. మామ కళ్లు తెరిచి నా వైపు చూసి ఏదో జోకు వెయ్యబోయాడు, మాట రాలేదు. అరచేతులు సున్నం వేసినట్టున్నాయి. నాడి 128. పట్టీ మీద దీపం తెల్లగా, నిశ్చింతగా వెలుగుతోంది.

గుళిక కంటికి నలుపు పట్టింది. నెత్తురు కనిపించనంత కాలం అది తెలుపే చూపిస్తుంది. కన్నే కనిపించకపోయినా తెలుపే చూపిస్తుంది.

పరిగెత్తాను.

42వ రోజు, మధ్యాహ్నం

మేడమ్ మొదటి పేషెంటుకు పాము సిద్ధం చేస్తున్నారు. నేను నిలబడి ఊపిరి తీసుకోకుండా చెప్పాను. జావ గురించి చెప్పాను. నియమం ప్రకారం మామకు పాము వెయ్యడానికి వీల్లేదని నాకు తెలుసని చెప్పాను. బీపీ ఇంకా 94, దీపం తెలుపు.

"గుళిక కన్ను మూసుకుపోయి ఉండొచ్చు. అంతమాత్రాన నెత్తురు కారుతోందని కాదు" అన్నారు మేడమ్. "నెత్తురు కారుతోందని నువ్వెలా అంటున్నావు?"

నర్సులు ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"మా అమ్మ చెప్పింది మేడమ్. మూడు రోజుల నుంచి చెబుతోంది. బక్కెట్టు వాసన మారిందని. మా అమ్మ బక్కెట్లు ఎత్తుతుంది."

చేతి తొడుగులు వేసుకుంటున్న మేడమ్ వేళ్లు ఆగాయి.

"మూడు రోజులు" అన్నారు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత నర్సు వైపు తిరిగి, మొదటి పేషెంటును సాయంత్రానికి మార్చమన్నారు, గుర్రప్పను స్ట్రెచర్ మీద తెమ్మన్నారు.

తెర మీద మామ కడుపు కనిపించింది. అంతా మసి. నీళ్లు కొట్టి కడుగుతుంటే మసి కింద నుంచి ఎరుపు పొగలాగా పైకి లేస్తోంది. కడిగే కొద్దీ వస్తోంది. క్లిప్పు పక్కకు జారింది. దాని కింద నరం కొట్టుకుంటోంది. గుళిక అక్కడే ఉంది, కాల్చిన కందిగింజలాగా, దాని కంటి మీద నల్లటి పొర. మేడమ్ మొదటి క్లిప్పు వేస్తే నిలవలేదు. రెండోది జారింది. బీపీ 70 అని నర్సు అంది. ఇంకో నర్సు నెత్తురు సంచిని చేత్తో పిండుతోంది. మూడో క్లిప్పు మా దగ్గరున్న చివరిది.

మేడమ్ దాన్ని వెంటనే వెయ్యలేదు. కడగమన్నారు. ఇంకా కడగమన్నారు. నరం పూర్తిగా కనిపించేదాకా వేచి చూశారు. వేశారు.

ఊట సన్నబడింది. బొట్టు బొట్టుగా వచ్చింది. ఆగింది.

ఆగిందని నమ్మడానికి గడియారం చూసి పది నిమిషాలు కూర్చున్నాం.

43వ రోజు

మామకు తెలివి బాగా వచ్చింది. నాడి 90. లాటరీ డబ్బులు వాపసు ఇస్తారా అని అడిగాడు.

మేడమ్ మా ఇంటికి వచ్చారు. ఆసుపత్రి మనిషి మా గడప తొక్కడం అదే మొదలు. అమ్మ కూర్చోమనడానికి సిగ్గుపడి నిలబడే ఉంది. ఆ వాసన ఎలా ఉంటుందో చెప్పమని మేడమ్ అడిగారు. అమ్మ నా వైపు చూసింది, చెప్పొచ్చా అన్నట్టు.

"బొగ్గు విరేచనానికి వాసన తక్కువ డాక్టరమ్మా, బొగ్గే తినేస్తాది. ఇది అట్లా కాదు. తుప్పు పట్టిన బాణలిలో బెల్లం మాడినట్టు, దాన్ని రెండు దినాలు మూత పెట్టినట్టు. బక్కెట్టుకు అంటుకుంటాది, నీళ్లు పోసినా వదలదు. రేపొద్దున రాండి, వాసన చూపిస్తా."

మేడమ్ వస్తానన్నారు. ఇంతకు ముందు ఎవరి ఇంట్లో ఈ వాసన వచ్చిందని అడిగారు. అమ్మ వేళ్ల మీద లెక్క పెట్టింది. మూడు ఇళ్లు చెప్పింది. మూడోది మాదన్న ఇల్లు. ఆయన పైకెక్కి పడిపోవడానికి రెండు రోజుల ముందు నుంచి.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"నువ్వే కదా బక్కెట్ల మాట ఎత్తొద్దంటివి" అంది అమ్మ. కోపంగా కాదు. నిజంగానే అందుకే అన్నట్టు. "మీ మామ కాబట్టి ఎత్తితిని."

వెళ్లేముందు మేడమ్ బయట నాతో మాట్లాడారు. పరిశోధన ఆపేస్తున్నాం అన్నారు. రెండో గుంపులో ఒక్క అంకె కూడా నమ్మడానికి లేదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, పాము అయిదో బిలానికి పోవడం ఇంకో ఏడాది ఆలస్యమవుతుంది. మాదన్న ఎండకే పోయాడో, నెత్తురు పోయి ఎండకు తట్టుకోలేకపోయాడో ఎవరూ చెప్పలేరు, దేహాన్ని అప్పుడే దహనం చేసేశారు. "చెప్పలేం అన్న మాటే రాయాలి" అన్నారు. నా పని ఉంటుందో లేదో నేను అడగలేదు. ఆమే చెప్పారు. కొత్త ఫారంలో వాసనకు ఒక గడి పెట్టు, దాన్ని రోజూ మీ అమ్మ నింపాలి, జీతం మాట్లాడతాను అన్నారు. మా అమ్మకు రాయడం రాదన్నాను. బొగ్గుతో చుక్క పెట్టడం వస్తుంది కదా అన్నారు.

44వ రోజు

ఎడమ పేజీలకు అంటించిన పాత ఫారాలు తిరగేశాను. తొమ్మిదో పేషెంటు, రెండో రోజు. బొగ్గు: లేదు. నా అక్షరాలే, గుండ్రంగా, బడిలో నేర్పినట్టు.

ఆ రోజు ఏం జరిగిందో నాకు బాగా గుర్తుంది. మాదన్న ఇల్లు మా ఇంటికి నాలుగో ఇల్లు. పొద్దున పక్కింటి పిల్లగా మా గిన్నె తీసుకెళ్లి ఇచ్చాను. మధ్యాహ్నం ఆసుపత్రి మనిషిగా అట్ట పట్టుకుని వెళ్లి అదే గడపలో కూర్చుని అడిగాను. ఇచ్చిన చెయ్యీ రాసిన చెయ్యీ ఒకటే. మధ్యలో కడుక్కున్నాను. ఆసుపత్రికి వెళ్లేముందు ఎప్పుడూ మూడుసార్లు కడుక్కుంటాను.

గీత కొట్టేముందు కాశమ్మ పిన్నికి చెప్పాలనుకున్నాను. మాదన్న భార్య. రాయి పొడి జల్లెడ పడుతోంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను, అమ్మకు వాసన తెలిసిన సంగతి, నా మాట వల్ల అమ్మ నోరు మూసుకున్న సంగతి, గిన్నె సంగతి. ఎండ కాకపోవచ్చు అన్నాను. ఎండే కావచ్చు కూడా, తెలీదు అన్నాను. జల్లెడ ఆగలేదు.

పిన్ని తల ఎత్తకుండానే చెప్పింది.

"అందరి గిన్నెలకూ ఆయన పెదవి తగిలించి పెట్టేసినాడు. వాంతి వస్తాండాది అన్నాడు. మీది ఒక్కటే మొత్తం తాగినాడు. సుంకి చదువుకున్న పిల్ల, ఆసుపత్రి పిల్ల, అది తెచ్చిందంటే మంచిదే అయ్యుంటాది అన్నాడు."

జల్లెడ దులిపి గోడకు ఆనించింది. నన్ను వెళ్లమనలేదు, ఉండమనలేదు. లోపలికి పోయి కుండలోంచి నీళ్లు ముంచి తెచ్చి ఇచ్చింది. గ్లాసు అడుగున మసి కదులుతోంది. పెదవి తగిలించి పెట్టలేదు, మొత్తం తాగాను.

ఆసుపత్రికి వచ్చాను. చేతులు కడుక్కోలేదు. ఎడమ పేజీ తెరిచి "లేదు" మీద ఒకటే గీత కొట్టాను, కింది అక్షరాలు కనిపించేలా. పక్కన రాశాను:

ఉంది. ఒక గిన్నె. నేనే ఇచ్చాను. 44వ రోజు. సుంకమ్మ.